పిట్ట నోటికి మార్కులెన్ని?

"లెక్కల మాస్టారూ, మా పిట్టని ఇంటికి పంపేస్తున్నారట!"

అసిస్టెంట్ కోచ్ తలుపు తట్టలేదు. ఆమెకి ఆ అలవాటే లేదు. చేతిలోని బాస్కెట్‌బాల్‌ని తెచ్చి సరాసరి అతని కీబోర్డు మీద పెట్టేసింది. తెరమీద ఎనిమిదులు వరసకట్టి పరుగెత్తాయి.

ఆ క్లబ్బులో ఆటగాళ్ల గణాంకాలు చూడటం అతని ఉద్యోగం. పిట్ట అంటే ఈ సీజన్లోనే అమ్మాయిల జట్టులో చేరిన కొత్త ప్లేయర్. బక్కపల్చగా ఉంటుందని ఆ పేరు పెట్టారు. ఆమె కాంట్రాక్టు ఇవాళ్టితో సరి. ఉంచాలో వద్దో సాయంత్రం మేనేజర్ తేలుస్తాడు. ఏది తేల్చాలన్నా ఆయన ముందు ఇతని మొహం చూస్తాడు.

"నేను పంపడం లేదండీ, అంకెలు పంపిస్తున్నాయి," అన్నాడతను బంతిని పక్కకి జరుపుతూ. "మ్యాచ్‌కి మూడు పాయింట్లు. రీబౌండ్లు అంతంత మాత్రం. ఏం చూసి ఉంచమంటారు?"

"ఆట చూసి."

"అన్ని మ్యాచుల వీడియోలూ చూశాను. ఇదిగో."

తెరమీద పిట్ట పరుగెడుతోంది. ఆమె వంగి చూసింది. "సౌండేదీ?"

"తీసేస్తాను. కామెంటరీ వింటే మనసు అటూ ఇటూ అవుతుంది. అంకెలకి చెవులతో పనేంటి?"

"ఓరి నాయనో! మీకు చెవులున్నది కళ్లజోడు తగిలించుకోవడానికా?"

చెయ్యి పట్టుకుని లాక్కెళ్లినంత పని చేసింది. నిజంగానే పట్టుకుని ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. అలా అనిపించడం ఇది మొదటిసారి కాదు. పైకి చెప్పే ధైర్యమే లేదు.

ప్రాక్టీస్ జరుగుతున్న కోర్టు పక్కన కూర్చున్నాక విన్నాడు.

"కుడిపక్క అడ్డం నిలబడింది, చూస్కో అక్కా!" "నువ్వు వదిలెయ్, ఆ అమ్మాయిని నేను చూసుకుంటా!" "పర్లేదు, మళ్లీ వెయ్యి!"

పిట్ట నోరు క్షణం ఊరుకోవడం లేదు. మిగతా నలుగురూ వెనక్కి తిరిగి చూసే పని లేకుండా ఆ గొంతుని నమ్ముకుని కదులుతున్నారు. అతను నాలిక్కరుచుకున్నాడు. ఇన్నాళ్లూ ఆ అమ్మాయిని మూగదాన్ని చేసి మార్కులు వేశాడు మరి.

సాయంత్రం కోర్టు దగ్గరికొచ్చిన మేనేజర్‌కి ఈ సంగతే చెప్పాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మాటలదేముందయ్యా, ఎవరైనా చెప్తారు."

అతను కోర్టులోకి నడిచి, పిట్టనీ కోచ్‌నీ మాత్రం పక్కకి పిలిచాడు. "ఒక ప్రాక్టీస్ మ్యాచ్ పెడదాం. పిట్ట మాత్రం పెదవి విప్పకూడదు. కోచ్ గారూ, మీరు కూడా."

ఆమె మొహం ఎర్రబడింది. "మేనేజర్ గారి ముందు దాని నోరు కట్టేసి చేతకానిదాన్ని చేస్తారా? మిమ్మల్ని పిలుచుకురావడం నాదే బుద్ధి తక్కువ!"

చరచరా వెళ్లి బెంచీ అటు చివర కూర్చుంది. మళ్లీ ఇటు చూడలేదు.

ఆట మొదలైన కాసేపటికే కెప్టెన్ వెళ్లి ఎదుటి జట్టు అమ్మాయిని ఢీకొంది. ఒకే ఒక్కదాన్ని ఇద్దరు కాపలా కాశారు, ఇంకొకతెను గాలికొదిలేశారు. జట్టు చెల్లాచెదురైంది. కెప్టెన్ మోచెయ్యి రుద్దుకుంటూ అరిచింది. "ఏమైందే పిట్టా నీకు? నోరు తెరిచి చెప్పి చావవే!"

మేనేజర్ గడ్డం గోక్కున్నాడు. "సరే, ఇప్పుడు మాట్లాడమను."

పిట్ట నోరు తెరిచింది. నలుగురూ మళ్లీ దారిలో పడ్డారు. మేనేజర్ చివరిదాకా చూసి లేచాడు.

"ఉంచేద్దాం."

పిట్ట ఎగిరి గంతేసి కెప్టెన్ మెడకి వేలాడింది.

బయట వాన పట్టుకుంది. వరండాలో కోచ్, అతను మిగిలారు.

"ఎందుకో ముందే చెప్పొచ్చుగా?" అందామె, వానకేసి చూస్తూ.

"చెబితే జట్టంతా జాగ్రత్తపడేది. మీరేమో సైగలు చేసేవారు."

"చేసేదాన్నే," ఒప్పుకుంది. "అయినా కోపం పోలేదు."

"తిట్టండి, పడతాను. మాట్లాడటం మాత్రం మానకండి." అతను ఆమెకేసి తిరిగాడు. "మీరు అటు చివర కూర్చున్నంతసేపూ ఆ జట్టుకంటే నా పనే అధ్వానంగా ఉంది. మీరంటే నాకు చాలా ఇష్టం."

జల్లు కొడుతుంటే ఆమె వెనక్కి జరిగి అతని పక్కకొచ్చి నిలబడింది.

"ఆదివారం మా ఇంటికి రా," అంది చివరికి. 'మీరు' ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియలేదు. "మా నాన్నతో మాట్లాడాలిగా. ఆయన నోట్లోంచి మాట రావడమే గగనం."

"మరి ఒప్పుకున్నదీ లేనిదీ నాకెలా తెలుస్తుంది?"

"పక్కన నేనుంటాగా," అంది నవ్వాపుకుంటూ. "ఎప్పుడు ముందుకెళ్లాలో, ఎప్పుడు తగ్గాలో చెప్తుంటా."