ఈల ఆగకూడదు

వర్జీనియాలో పెద్దవాళ్ళ ఇళ్ళకి వంటిల్లు విడిగా, వెనక పెరట్లో ఉంటుంది. మా దొర ఇల్లూ అంతే. వంటింటి నుంచి భోజనాల గదికి ఇటుకలు పరిచిన బాట. ఆ బాట మీద పళ్ళేలు మోసే ఆడది ఈల వేస్తూ నడవాలి. ఈల వేసే నోరు తినలేదు కదా! ఈల ఆగిందంటే నోట్లో ముక్క పడిందని లెక్క. దొరసాని కిటికీ దగ్గర కూచుని చెవి ఒగ్గి వినేది.

బయట ఈల వేసే ఆడదాన్ని బరితెగించింది అంటారు. మా ఇంట్లో ఈల వెయ్యని ఆడదాన్ని దొంగ అనేవాళ్ళు.

నాకంటే ముందు ఆ పళ్ళేలు మా అమ్మ జూబా మోసింది. గట్టి కాయలు కొరికి కొరికి ఆమె ముందుపన్ను అంచున చిన్న నొక్కు పడింది. గాలి అందులోంచి కూడా పోయేది. అందుకని అమ్మ ఈలలో రెండు ఈలలు వినిపించేవి. పైన ఒకటి, దాని కింద సన్నగా, దూది వడికినట్టు ఇంకొకటి.

దొర కర్నల్ ల్యూషస్ పెండర్ మామూలు మనిషి కాదు. నది పొడుగునా పొగాకు తోటలు, ఆ తోటల్లో మేము. ఎన్నికలొస్తే ఓటర్లకి పీపాల కొద్దీ రమ్ము పోయించి, పందుల్ని కాల్పించేవాడు. గెలిచేవాడు. ఇంగ్లీషు రాజు మీద తిరగబడ్డ రోజుల్లో "బానిసలుగా బతకం, చస్తాం" అని శాసనసభలో బల్ల గుద్దింది ఆయనే. ఆ ప్రసంగం ముందుగా మా భోజనాల గదిలో చదువుకున్నాడు. అమ్మ పక్కన సూపుగిన్నె పట్టుకుని నుంచుంది.

"ఎలా ఉందే, జూబా?" అని అడిగాడట.

"చల్లారిపోతోంది దొరా," అందట అమ్మ, గిన్నె చూపించి.

వంటింట్లో అది చెప్పుకుని మా వాళ్ళు కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. నవ్వడానికి మాకున్నవి అలాంటివే.

తర్వాత దొర పళ్ళు ఊడిపోయాయి. సభలో నోరు తెరిస్తే మాటకి బదులు గాలి వచ్చేది. అవతలి పక్షం వాళ్ళు బుగ్గలు లోపలికి పీల్చి వెక్కిరించేవాళ్ళు. గవర్నరు పదవి చేతికందే దూరంలో ఉంది. పట్నం నుంచి పళ్ళ వైద్యుణ్ణి పిలిపించారు. అమ్మని కుర్చీకి కట్టేశారు. నేను తలుపు అవతల ఉన్నాను. ఏనుగుదంతం దిమ్మలో ఆ పళ్ళు పొదిగి, వెనక ఉక్కు స్ప్రింగులు పెట్టి, దొర నోటికి అమర్చారు. ఆ ఏడే గవర్నరయ్యాడు. స్వేచ్ఛ గురించి ఆయన చెప్పిన గొప్ప మాటలన్నీ మా అమ్మ పళ్ళతో చెప్పినవే.

పళ్ళు లేని అమ్మకి ఈల రాలేదు. పెదాల మీంచి ఉత్త గాలి పోయేది. తింటోందన్నారు. పళ్ళు లేని మనిషి కాల్చిన మాంసం ఏం పెట్టి తింటుందని ఒక్కరూ అడగలేదు. ఎద్దుకి కట్టినట్టు మూతికి ఇనప చిక్కం బిగించారు. ఆ చలికాలం జ్వరమొచ్చింది. చిక్కంతోనే పోయింది. మర్నాటి నుంచి పళ్ళేలు నేను మోశాను.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, దొర చచ్చిపోయిన మర్నాడు నన్ను ఆయన శవంతో పాటు ఒకే గదిలో పెట్టి తాళం వేశారు.

జనవరి నెల. మంచు ఆగకుండా కురుస్తోంది. దారులు మూసుకుపోయి శాసనసభ పెద్దలు రాలేకపోయారు. ఖననం మర్నాటికి పెట్టారు. జార్జియా నుంచి ముందే వచ్చి ఉన్న చిన్నదొర మిల్స్, వంటింటి గుమ్మంలో నా కూతురు టెంపీ గడ్డం పట్టుకుని పైకెత్తాడు. దాని వయసప్పటికి ఏడేళ్ళు. బొటనవేలితో పెదవి పైకి లాగాడు, గుర్రాన్ని చూసినట్టు.

"ముందుపళ్ళు ఇంకా రాలేదే. వస్తాయిలే. గట్టి జాతి, నాన్నకి బాగా పనికొచ్చాయి," అని నవ్వాడు. ఆయన నోట్లో అప్పటికే నల్లటి మొండి పళ్ళు. "రేపు ఖననం అవగానే దీన్ని నాతో తీసుకుపోతా. సిద్ధంగా ఉంచు."

పొగాకు పడవ నడిపే ఐజక్ మామ మా గుడిసె గోడకి ఆనుకుని, నా వైపు చూడకుండా గొణిగాడు. "చీకటి పడుతుంటే ఆటు మొదలవుతుంది, నీళ్ళు సముద్రం వైపు లాగుతాయి. పీపాల మధ్య ఇద్దరికి చోటుంది. రాకపోతే ఆగను డోర్కస్. నది నా మాట వినదు."

నేను తల ఊపాను. ఆ మధ్యాహ్నమే దొరసాని పిలిచింది.

"ఏమే డోర్కస్, ఎలకలు పడకుండా దొర దగ్గర కూచో. వెండి సామానంతా ఆ గదిలోనే ఉంది. ఈల వేస్తూ ఉండు. నేను పక్క గదిలో వింటూ ఉంటాను."

"శవం ముందు ఈలా, దొరసానమ్మా?"

"ఆయనకి అలవాటేగా."

నడుముకి వేలాడుతున్న తాళంచెవుల గుత్తి గలగలమంది. ఆ గుత్తే తన రాజ్యమనుకునేది పాపం. తలుపు మూసుకుంది. తాళం తిరిగింది.

అద్దాల మీద నల్లగుడ్డలు. గడియారం ఆపేశారు. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. రెండు కొవ్వొత్తులు. వెనిగరు వాసన, కరిగిన మైనం వాసన, వాటి అడుగున తియ్యగా, ముగ్గిపోయిన పండులాంటి వాసన. రోజూ నేను పళ్ళేలు పేర్చిన బల్ల మీద ఇప్పుడు ఆయన్నే వడ్డించారు. గడ్డం కిందనుంచి నడినెత్తి దాకా తెల్లగుడ్డ బిగించి కట్టారు. స్ప్రింగులు నోటిని తెరిపించకుండా.

కిటికీ గడియ లోపలివైపే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. కానీ కిటికీ ఎక్కి దూకేటప్పుడు ఈల వెయ్యగలనా? వేసినా, అది పెరటి వైపు నుంచి వినిపించదూ? తలుపుకి వేసింది కాదు తాళం. నా నోటికి వేసింది.

ఈల వేస్తూ కూచున్నాను. పెదాలు ఎండాయి. నాలుకతో తడుపుకోవడానికి ఒక్క క్షణం ఆగితే పక్క గదిలో కుర్చీ కిర్రుమనేది. మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. రెక్కల సందులోంచి వచ్చే వెలుగు నీలంగా మారింది. చీకటి పడుతోంది. ఆటు మొదలైపోతుంది. పెదవి పగిలి ఉప్పగా తగిలింది.

అప్పుడు చిన్న చప్పుడు. గుడ్డ సాగిన చప్పుడు.

దొర గడ్డం కిందికి జారింది. కొద్దిగా... ఇంకొద్దిగా. స్ప్రింగులే అనుకున్నాను. పెదాలు విడిపోయాయి. కొవ్వొత్తి వెలుగులో పళ్ళు కనిపించాయి. ఇన్నేళ్ళ మదీరా సారాయికి గోధుమరంగు తిరిగాయి. ముందుపన్ను అంచున... నొక్కు.

నా ఈల కింద ఇంకో ఈల.

సన్నగా. దూది వడికినట్టు.

"బాగుందే," అంది తలుపవతల దొరసాని. "అచ్చం జూబా వేసినట్టే ఉంది..."

నేను ఈల ఆపేశాను. ఆపాలనుకోలేదు. ఊపిరి అందలేదంతే.

ఈల ఆగలేదు.

ఆయన ఛాతీ కదలడం లేదు. ముక్కు రంధ్రాల్లో దూది అలాగే ఉంది. ఆ తెరిచిన నోట్లోంచి ఈల వస్తూనే ఉంది. పైన ఒకటి... కింద ఒకటి.

"అమ్మా..." అన్నాను.

ఈల ఆగిపోయింది. కుర్చీ కిర్రుమంది. అడుగులు. తాళంచెవుల గలగల తలుపు దాకా వచ్చింది... ఈల మళ్ళీ మొదలైంది. అడుగులు వెనక్కి వెళ్ళాయి.

మళ్ళీ పిలవలేదు నేను. గడియ తీశాను. వెనక్కి చూడకుండా మంచులోకి దూకాను.

వంటింట్లో ఫిబీ అత్త పిండి పిసుకుతోంది. నన్ను చూసి, ఇంటి వైపు చూసి, పిండిచేతుల్తో గోడ పట్టుకుంది.

"నువ్విక్కడుంటే... లోపల ఈల ఎవరేస్తున్నారే?"

"అడక్కు అత్తా."

అడగలేదు. మొక్కజొన్న రొట్టె సగం విరిచి టెంపీ చేతిలో పెట్టి, "పొండి. పొండి," అంది.

పీపాల మధ్య మేం ఒదిగేసరికి ఐజక్ మామ తాడు విప్పేశాడు. మంచు మీదుగా నది దాకా ఈల వినిపిస్తోంది. పడవ కదిలింది. ఈల ఆగింది.

కాసేపటికి దొరసాని కేక వినిపించింది. అలాంటి కేక నేను అమ్మని కుర్చీకి కట్టిన రోజున విన్నాను. మళ్ళీ వినలేదు.

ఇప్పుడు ఫిలడెల్ఫియాలో ఉంటున్నాం. నలుగురిళ్ళ బట్టలు ఉతుకుతాను. వసంతంలో ఐజక్ మామ కబురు తెచ్చాడు. శాసనసభ పెద్దలు వచ్చేలోపే శవపేటికకి మేకులు కొట్టేశారట. ఆఖరిచూపు ఎవరికీ చూపించలేదట. దొర నోట్లో పళ్ళు లేవట. గుడిసెలన్నీ సోదా చేశారట. "నువ్వు గానీ తెచ్చావా?" అని అడిగాడు. నేను ఆ నోటిని తాకనైనా లేదు.

ఆ నెలలోనే టెంపీకి ముందుపన్ను వచ్చింది. కొత్తపన్ను పాలలా ఉండాలి కదా. గోధుమరంగుది వచ్చింది. అంచున నొక్కు.

నేను ఏడ్చాను. భయంతో కాదు. అమ్మ మాతో వచ్చేసిందనుకున్నాను. రాత్రుళ్ళు టెంపీ నిద్రలో ఈల వేసేది. రెండు ఈలలు. అది వింటూ నేను చాలా ఏళ్ళ తర్వాత నిశ్చింతగా నిద్రపోయాను. ఒక్కటే ఆలోచించలేదు. ఆ పళ్ళు అమ్మ నోట్లో ఎంత కాలం ఉన్నాయో, ఆయన నోట్లోనూ అంత కాలం ఉన్నాయి.

నిన్న రాత్రి ఈల ఆగింది.

చీకట్లో కళ్ళు తెరిచాను. ఇంట్లో తినడానికేమీ లేదు. అయినా పక్కలోంచి నములుతున్న చప్పుడు... తీరిగ్గా, కడుపు నిండిన మనిషి నమిలినట్టు.

"టెంపీ?" అన్నాను.

నమలడం ఆగింది. స్ప్రింగు సాగినట్టు చిన్న కిర్రు.

దొర సంగతులు ఒక్కటీ నేను దానికి చెప్పలేదు. అమ్మ పేరు కూడా చెప్పలేదు.

చీకట్లో నా కూతురు గొంతు సవరించుకుంది.

"ఎలా ఉందే, జూబా?"