నేలమాళిగలో కడగని రాయి

శుక్రవారం సాయంత్రం 6.10కి శ్రీపతి చనిపోయి కనిపించాడు.

సొంతింటి నేలమాళిగలో, కొత్త తెల్లగోడ పక్కన, పడక్కుర్చీలో. ఒళ్లో పేపరు. కాళ్లకు ఉన్ని మేజోళ్లు. అరవై ఆరేళ్ల మనిషి కదా, గుండె ఆగి ఉంటుందని అంబులెన్స్ వాళ్లు అనేశారు. శవాన్ని తీసుకెళ్లగానే ఆనవాయితీ ప్రకారం భార్య మంగళ ఇల్లంతా కడిగేసింది.

మంగళవారం పోస్ట్‌మార్టమ్ రిపోర్ట్ వచ్చింది. కార్బన్ మోనాక్సైడ్. ఏదో మండిన చోట, గాలాడని చోట పుట్టే విషవాయువు.

బుధవారం ఉదయం 10.20కి డిటెక్టివ్ విద్యావతి మెల్‌బోర్న్ నుంచి కైన్‌టన్ చేరింది. ఆస్ట్రేలియాలో జులై అంటే నడి చలికాలం, చలి ఎముకలు కొరుకుతోంది. పదిహేడేళ్ల సర్వీసు. చావు చూస్తే ఆమెకిప్పుడు ఏడుపూ రాదు, భయమూ లేదు. ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటుంది, అంతే.

నూట యాభై ఏళ్ల నల్లరాతి ఇల్లది. నేలమాళిగ గోడలో ఒక రాయి లోపలికుంటే ఇంకోటి బయటికి. బిల్డర్ మల్లికార్జున రెండు నెలలు కష్టపడి, ఆ వంకరగోడకు జానెడు ఎడంగా చెక్క ఫ్రేమ్ నిలబెట్టాడు. మధ్యలో చలి ఆపే ఇన్సులేషన్ కూరాడు. సందులన్నీ ఫోమ్‌తో పూడ్చి, పైన బోర్డు బిగించి, కింద కొత్త నేల వేశాడు. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఆఖరి రంగు వేసి వెళ్లాడు.

ఇప్పుడు పీకల మీదకొచ్చింది అతనికే. అతని బండిలో పెట్రోల్ జనరేటర్ ఉంది. కింద అది నడిపాడనీ, ఆ పొగే చంపిందనీ స్టేషన్లో అందరి అనుమానం. కేసు పడితే లైసెన్సూ పోతుంది, జైలూ తప్పదు.

"జనరేటర్ లోపలికి తెచ్చావా?" విద్యావతి మల్లికార్జునను అడిగింది.

"తేలే మేడమ్."

"మరి గోడలో వెంట్? తువ్వాలుతో మూసి ఉంది."

"పెట్టిన మేడమ్. ప్లాన్‌ల ఉన్నట్టే, గాలి ఆడనీకి పెట్టిన. దాంట్ల తువ్వాల ఎవరు కుక్కిన్రో నాకు తెల్వది."

అబద్ధమాడే గొంతు కాదది. కానీ గొంతు సాక్ష్యం కాదు.

విద్యావతి నేలమాళిగలోకి దిగింది. ఎలక్ట్రిక్ హీటర్ తప్ప ఏమీ లేదు. నేల అద్దంలా ఉంది. కుర్చీ పక్కన పళ్లెమంత రాతిచెక్క ఒకటి పడుంది. ఫ్రేమ్‌కు అడ్డమొచ్చిన రాయిని మల్లికార్జున పగలగొట్టగా ఊడిన పెచ్చు. ఫోరెన్సిక్ వాళ్లు దాన్ని చెత్త కింద జమకట్టారు. ఇల్లు కడిగిన మంగళ కూడా బిల్డర్ సామానని దాన్ని ముట్టుకోలేదు.

విద్యావతి గొంతుక్కూర్చుంది. రాతి మీద బూడిదరంగులో గుండ్రటి మచ్చ. ముక్కు దగ్గర పెట్టుకుంది.

సాంబ్రాణి.

మంగళ స్టేట్‌మెంట్ కాపీ తీసింది. మంగళవారం రిపోర్ట్ రాగానే స్టేషన్ ఆఫీసర్ ఇంగ్లిష్‌లో అడిగాడు, కొడుకు కార్తికేయ తల్లికి తెలుగులో చెప్పాడు. ఇంట్లో గ్యాస్ హీటర్ ఉందా? లేదు. జనరేటర్? లేదు. మంట మీద నడిచే మెషీన్లేమైనా? లేవు. అన్నీ నిజాలే. మహాతల్లి ఒక్క అబద్ధమూ చెప్పలేదు.

11.45కి ముగ్గురినీ వంటింట్లో కూర్చోబెట్టింది. కార్తికేయ గోడకేసి చూస్తున్నాడు. మంగళ వాళ్ల ముందు కాఫీలు పెట్టింది, అలవాటు కొద్దీ.

ఇక్కడితో వదిలేసి వెళ్లొచ్చని విద్యావతికి ఒక్క క్షణం అనిపించింది. వదిలేస్తే ఎదురుగా కూర్చున్న మల్లికార్జున మునిగిపోతాడు.

"ఆంటీ, కుంపటి ఎక్కడుంది?"

"సింకు కింద ఉందమ్మా. అంబులెన్స్ వాళ్ల కాళ్లకు అడ్డమని పైకి తెచ్చేసి, తోమి పెట్టాను."

కార్తికేయ తల తిప్పి తల్లిని చూశాడు.

శ్రీపతికి మోకాళ్ల నొప్పులు. హీటర్ వేడి ఆయనకు ఆనదు. కిందటి చలికాలమంతా మంగళ అదే నేలమాళిగలో కుంపటి పెట్టింది, ఏమీ కాలేదు. అప్పుడు గోడ నిండా సందులు, ప్రతి రాయి మధ్యనుంచీ గాలి వచ్చేది. ఇప్పుడు సందు లేదు. ఉన్న ఒక్క వెంట్‌లోంచి చలి వస్తోందని ఎవరో తువ్వాలు కుక్కారు. కొత్త నేల కాలకుండా ఆ రాతిచెక్క మీద కుంపటి పెట్టారు. విద్యావతి ఇదంతా గొంతు పెంచకుండా చెప్పింది. మల్లికార్జున ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

మంగళ కొంగుతో బల్ల తుడిచింది.

"తువ్వాలు నేనే కుక్కానమ్మా," అంది. "అయిదింటికి తలనొప్పిగా ఉందన్నారు. పడిశం పడుతోందేమో అనుకుని ఇంకో నాలుగు నిప్పులు వేసి, సాంబ్రాణి చల్లాను. చాలే మంగళా అన్నారు."

ఆమె విద్యావతి వైపు తిరిగింది.

"నొప్పి తెలిసుంటుందా?"

"లేదాంటీ. నిద్ర పట్టేసి ఉంటుంది."

మంగళ తలూపింది. లేచి, సింకు కిందనుంచి కుంపటి తీసి, విద్యావతి ముందు పెట్టింది. ఇత్తడిది, తళతళలాడుతోంది. గుడివాడ నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్నదట.

"నన్ను ఎవరూ అడగలేదమ్మా," అంది.

విద్యావతి దాన్ని కవర్లో పెట్టి, టైమ్ రాసింది. 12.05. పెన్ను మూత పెట్టబోతే సరిగ్గా పడలేదు. మూడుసార్లు ప్రయత్నించి, మూత లేకుండానే జేబులో పెట్టుకుంది.