శస్త్రిక నేర్చుకున్న గుణం

2079 నాటికి విశాఖలో ఏ డాక్టరూ కత్తి పట్టడం లేదు. ఆ పని శస్త్రికది. ఎనిమిది చేతుల ఆ రోబో కాలేయంలో కణితిని కోసిందంటే నెత్తురు చుక్క వృథా పోదు. ఆ విద్యంతా డాక్టర్ ఇందుమతిదే. ముప్పై ఏళ్ళు ఆమె చేసిన ఆపరేషన్ల వీడియోలన్నీ చూసి, మణికట్టు తిప్పే తీరుతో సహా శస్త్రిక నేర్చుకుంది. ఇప్పుడామె అద్దాల గదిలో కూర్చుని పర్యవేక్షిస్తోంది. రోగులు దానికి దండం పెట్టినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు భగ్గుమంటుంది.

ఆ రోజు పోర్టులో క్రేన్ నడిపే పైడితల్లి వచ్చింది. కణితి ఆమె కాలేయంలో పెద్ద రక్తనాళాన్ని చుట్టుకుపోయింది.

"కోస్తాను," అంది శస్త్రిక.

"కోస్తే టేబుల్ మీదే పోతుంది మేడమ్!" అన్నాడు పక్క విభాగం శాస్త్రవేత్త రఫత్. "నా కణవేటకి పంపండి."

కణవేట అతను కనిపెట్టిన వైద్యం. రోగి ఒంట్లోని రక్షణ కణాలనే బయటికి తీసి, కణితిని గుర్తుపట్టడం నేర్పి, మళ్ళీ నరంలోకి ఎక్కిస్తాడు. అవే వెళ్ళి దాన్ని కరిగిస్తాయి.

శస్త్రిక నిర్ణయాన్ని మార్చే అధికారం ఇందుమతి ఒక్కదానికే ఉంది. రఫత్ చెప్పింది నిజమని ఆమెకు తెలుసు. అయినా శస్త్రికని ఆపలేదు. ఒక్కసారి ఆ యంత్రం చెయ్యి తప్పితే జనం మళ్ళీ తన దగ్గరికే వస్తారు.

పైడితల్లి ఆమె చెయ్యి పట్టుకుంది. "డాట్రమ్మా, నీ తోడబుట్టిందైతే ఏటి సేద్దువు?"

ఇందుమతి శస్త్రిక వైపు తిరిగింది. "కణవేటకి ఎందుకు పంపనంటున్నావు?"

"కష్టమైన కేసు ఇంకొకరి చేతికి పోనివ్వకూడదు. మీ దగ్గర నేర్చుకున్నదే. మీరెప్పుడూ ఎవరినీ వేరే డాక్టరు దగ్గరికి పంపలేదు."

ఇందుమతి మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"తీసుకెళ్ళు రఫత్," అంది మెల్లగా.

కొన్ని నెలలకు పైడితల్లి మళ్ళీ క్రేనెక్కింది. ఈలోగా ఇంజనీర్లు శస్త్రిక బుర్రలోంచి ఆ గుణాన్ని ఏరి తుడిచేశారు.

తర్వాత వచ్చిన కుర్రాడికి కణితి కాలేయం అంచునే ఉంది. చాలా తేలిక కేసు. శస్త్రిక అతన్ని చూసి, "నాకంటే బాగా చేసేవాళ్ళుంటారు. వాళ్ళ దగ్గరికి పంపండి," అంది. ఆ తర్వాతి రోగికీ అదే మాట. ఎనిమిది చేతులూ ముడుచుకుని కూర్చుంది.

రఫత్ తల పట్టుకున్నాడు. "అసూయ పీకేస్తే దానితో పాటు పంతమూ ఊడొచ్చింది మేడమ్! ఇక కత్తి పట్టదు. సరే, కుర్రాణ్ణి నాకివ్వండి, కణవేట చేస్తాను."

ఇందుమతి అప్పటికే మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటోంది.

"నీకెందుకిస్తాను? వాడు నా పేషెంటు!"