గాలి పలచబడిన గది

రక్తం శాంపిల్స్ మోసే వ్యాన్ డ్రైవర్‌ని పట్టపగలు, టీ కొట్టు ముందు కాల్చేశారు. శవాన్ని రోడ్డు మీద వదిలేసి, వ్యాన్‌లోని ఐస్ పెట్టెని మాత్రం పసిపిల్లలా పొదివి పట్టుకుని ఎత్తుకెళ్ళారు. ఆ ముఠా ఎలాంటిదో చెప్పడానికి అదొక్కటి చాలు.

"ఇది ఓ విదేశీ డాక్టర్ ముఠా పని. కొండల మీద ఉచిత వైద్య శిబిరం పెట్టాడు. జబ్బులు చూడడు, రక్తం తీస్తాడంతే," అన్నాడు చీఫ్, ఫోటోలు బల్ల మీదికి విసురుతూ.

"దేనికి సార్?" అన్నాడు ఏజెంట్. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని ముక్కోపి అంటారు. ఎదురుగా అన్నా కాదనడు.

"ఆ ఎత్తులో గాలి పలచన. మనం వెళ్తే నాలుగు అడుగులకే ఆయాసం. వాళ్ళు వేల ఏళ్ళుగా అక్కడే ఉన్నారు. ఆ గాలికి తట్టుకున్నవాళ్ళ పిల్లలే ఎక్కువగా బతికి బట్టకట్టారు. అలా తరతరాలకీ ఆ గుణం జీన్స్‌లో పాతుకుపోయింది. తక్కువ ఆక్సిజన్‌తోనే వాళ్ళ ఒళ్ళు నెట్టుకొచ్చేస్తుంది. ఆ జీన్ ఉన్నవాళ్ళని ఏరి, ముంజేతి మీద ‘గ్రేడ్ వన్’ అని ముద్ర కొడుతున్నాడు."

"పశువులకి కొట్టినట్టా?"

"అచ్చం అలాగే. ఇప్పుడు అసలు సంగతి విను. డ్యామ్ కంట్రోల్ రూమ్ భూమి లోపల ఉంది. మంటలు అంటుకోకుండా అందులోకి నైట్రోజన్ వదులుతారు. ఆ మోతాదు పెంచితే గది గాలి కొండకొమ్ము మీద గాలిలా అయిపోతుంది. మన ఆపరేటర్లు స్పృహ తప్పుతారు. మాస్కుతో వచ్చినవాడు కెమెరాకి దొరికిపోతాడు. గ్రేడ్ వన్ గాళ్ళకి మాస్కు అక్కర్లేదు. యూనిఫామ్ వేసుకుని దర్జాగా వచ్చి గేట్లన్నీ ఎత్తేస్తారు."

డ్యామ్ దిగువన మొదటి వీధిలోనే ముక్కోపి అక్క కాపురం ఉంటోంది. అతనికి ఒళ్ళు మండిపోయింది.

"ఆ ముఠాలో మన మనిషి ఒకామె ఉంది," అన్నాడు చీఫ్. "వాళ్ళ మనిషి కూడా. నిజానికి ఎవరి మనిషో నాకూ తెలీదు."

మర్నాడు ఉదయం ముక్కోపి నూనె మరకల చొక్కాతో, ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూమ్‌కి దిగాడు. జేబులో టార్చిలైటులా కనిపించే బుల్లి ఆక్సిజన్ సిలిండర్. కాసేపటికి ముందు పెర్‌ఫ్యూమ్ వాసన, దాని వెనకాలే ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్టర్ పేరుతో ఒకామె వచ్చింది. నల్లకళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, హైహీల్స్.

"ఫిల్టర్లు కడిగారా?" అంది. కోడ్ వర్డ్.

"కడిగితే పాడవుతాయి మేడమ్."

"అయితే ఊపిరి జాగ్రత్త," అంది. ఆ మాట కోడ్‌లో లేదు.

అంతలో గొట్టాల్లో బుస పెరిగింది. ఆపరేటర్లు ఒక్కొక్కరే బల్లల మీదికి వాలిపోయారు. ముక్కోపి వాల్వ్ వైపు పరిగెత్తబోయి మోకాళ్ళ మీద కూలాడు. గోళ్ళు నీలంగా మారాయి. తడుముకుంటే టార్చి చేతికి తగిలింది. రెండు గుక్కలు పీల్చాడో లేదో, ఆమె దాన్ని లాక్కుని బీరువా కిందికి తన్నేసింది. ఛీ, అనుకున్నాడు. అనడానికి ఊపిరి చాల్లేదు.

డాక్టర్ వచ్చాడు. మెడకి మఫ్లర్, దాని మడతలోంచి ముక్కులోకి సన్నటి ఆక్సిజన్ గొట్టం. వెనక యూనిఫామ్‌లో ఇద్దరు కొండమనుషులు.

"మంచి సరుకు!" అన్నాడు, పెద్దవాడి వీపు తడుతూ. "కుక్కల్ని కొనేటప్పుడు జాతి చూస్తాం. మనుషుల్ని చూడొద్దా? గేటు లివర్ ఎత్తండి." అప్పుడు ఆమె వైపు తిరిగాడు. "నిన్ను బయట ఉండమన్నాగా? మాస్కు లేదు, ఇంకా ఎలా నిలబడ్డావ్?"

"మా అమ్మది ఆ కొండే," అంది ఆమె. "నువ్వు పేదవాళ్ళ చేతులకే సూది గుచ్చావు. హీల్స్ వేసుకున్నదాన్ని అడగాలని కూడా నీకు తోచలేదు."

ఆమె కొండభాషలో గబగబా ఏదో చెప్పింది. ముక్కోపికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కిందికి చెయ్యి చూపించడం, చిన్నపిల్లల ఎత్తు కొలిచినట్టు అరచేయి పట్టడం మాత్రం చూశాడు. దిగువన ఇళ్ళున్నాయని వాళ్ళకెవరూ చెప్పలేదని తెలుస్తూనే ఉంది. ఇద్దరూ లివర్ వదిలేసి వెనక్కి జరిగారు.

"వెధవల్లారా!" డాక్టర్ తనే ఎగబడి లివర్ ఎత్తాడు. ఎర్రలైటు వెలిగింది. పైన గేటు కదిలిన మోత గోడల్లోంచి వినబడింది. ముక్కోపి ఉన్న సత్తువంతా కూడదీసుకుని అతని కాలు పట్టి గుంజాడు. ఆమె మఫ్లర్‌తో సహా గొట్టాన్ని పీకేసింది. నాలుగు క్షణాలు గింజుకుని డాక్టర్ చతికిలబడ్డాడు. పెద్దవాడు, ముద్ర ఉన్న చేత్తోనే, లివర్‌ని కిందికి దించేశాడు. గేటు కూర్చుంది.

ఆమె వాల్వ్ కట్టేసి తలుపులు బార్లా తెరిచింది. "ఆ టార్చి వాడి కంట పడితే నిన్ను అక్కడే కాల్చేసేవాడు," అంది ముక్కోపిని లేపుతూ.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"నీకు కోపం వస్తే దాచుకోలేవటగా. చీఫ్ చెప్పాడు."

బయట డాక్టర్‌ని స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తున్నారు. కళ్ళు తెరిచాక, ఆపరేటర్లు బతికారో లేదో అతను అడగలేదు. చేతికి బేడీలు పడ్డాయని కూడా చూసుకోలేదు. ఆమె చేతి నరం వైపే ఆశగా చూశాడు.

"సిటీలో పెరిగి కూడా అంత తట్టుకున్నావంటే... అరుదైన శాంపిల్. ఒక్క చుక్క. ఒకే ఒక్క చుక్క ఇయ్యి," అని బతిమాలాడు.

ముక్కోపి గోడ పక్కకి వెళ్ళి భళ్ళున వాంతి చేసుకున్నాడు. రిపోర్టులో మాత్రం కారణం ఆక్సిజన్ లోపం అని రాశాడు.