ప్రభువు చేతి తాంబూలం

ఇందుగల్లు దుర్గం చుట్టూ శత్రుసేనల గుడారాలు కనుచూపు మేర పరచుకొని ఉండగా, ఏనుగుల ఘీంకారాలకు బురుజుల మీది పావురాలు సైతం నిలువలేక ఎగిరిపోతుండగా, కోటలోని సామంతదొరలు మాత్రం ఒక్క బాణమైనా తగలకుండానే, రాజమందిరంలో విందులారగించి ఇళ్లకు పోయి ప్రాణాలు విడుస్తున్నారు. వంటకాలన్నీ ముందుగా వేరొకరు రుచి చూసినవే. ఈ విషం గుట్టు తేల్చమని మారభూపతి తన సేనాని బొల్లమ నాయకుణ్ణి ఆజ్ఞాపించాడు. వారిద్దరూ ఒకే కంచంలో తిని పెరిగినవారు. నాయకుడికి రాజు మాటే వేదం.

పట్టుబడిన మందులమారి పోలి దాచకుండా చెప్పేసింది.

"విషం కూట్లో లేదు దొరా, తాంబూలంలో ఉంది. రాజకుటుంబం తమ చేత్తో ఇచ్చేదాన్ని ఎవరూ రుచి చూడరు గదా. సున్నంలో కలపడానికి నా దగ్గర తీసుకున్నది చిన్నరాణి విరియాంబ. తన కొడుక్కి పట్టం వద్దన్న దొరలందర్నీ అట్లాగే సాగనంపింది."

నాయకుడు ఆ సంగతి రాజు చెవిన మాత్రమే వేశాడు. "ఇంకెవరికైనా తెలుసునా?" అని రాజు అడిగాడు.

"తెలియదు ప్రభూ."

న్యాయం జరుగుతుందనే నమ్మాడు, వెర్రివాడు.

మర్నాడు నిండుకొలువులో రాజు, శత్రువు మీదికి దండు నడపమంటూ నాయకుడికి వీరతాంబూలం అందించాడు. అందుకున్నవాడు అక్కడికక్కడే నమలాలి, కాదన్నవాడు రాజద్రోహి. రాజు తన కళ్లలోకి చూడకపోవడం నాయకుడు గమనించాడు.

"ప్రభూ, ఇది చిన్నరాణిగారు చుట్టినదా?"

"కాదు నాయకా. నేనే చుట్టాను."

రాణి చుట్టిందని రాజు చెప్పి ఉంటే విసిరికొట్టేవాడే. ఇప్పుడు తాను తిరగబడితే సైన్యం రెండుగా చీలుతుంది, కోట శత్రువు పాలవుతుంది. నాయకుడికి ఏడుపొచ్చింది.

"తమ చేతిదే అయితే ఇక చెప్పవలసినది లేదు," అని నోట పెట్టుకున్నాడు.

సాయంకాలానికి శత్రువు గుడారాలు వదిలి పారిపోయాడు. గెలిచి తిరిగివస్తూ నాయకుడు కోటగుమ్మంలో గుర్రం మీంచి ఒరిగిపోయాడు.

సేనాని శత్రుబాణానికి బలి అయ్యాడని చాటించి, వీరశిల నిలుపుతామని రాజు కబురంపాడు. అప్పటికే భర్త దేహానికి స్నానం చేయించిన కామసాని వాకిట్లోకి వచ్చి, సైనికులందరూ వింటుండగా రాజభటులతో చెప్పింది.

"ఒంటిమీద ఒక్క గీత కూడా లేదు. పెదవులు మాత్రం నల్లబడ్డాయి. వీరశిల యుద్ధంలో పడినవారికి నిలుపుతారు. నా పెనిమిటి కొలువులో పడ్డాడని మీ ప్రభువుతో చెప్పండి."