అమ్మ నిద్రపోయిన మూడు రోజులు

కత్తెర మాస్టారికి మెలకువ వచ్చేసరికి గదంతా లేత నీలంగా ఉంది. గోడ ఉండాల్సిన చోట నిలువెత్తు అద్దం. అద్దం అవతల చెక్క వరండా, మెట్లు దిగితే తెల్లటి ఇసుక, ఇసుక దాటితే సముద్రం. నలభై ఏళ్లుగా కళ్లు తెరవగానే బట్టల గుట్టలూ దారపు ఉండలూ చూసిన ఆ దర్జీ, ఇంకా కలలోనే ఉన్నాననుకుని కాసేపు కదలకుండా పడుకున్నారు. పైన చెక్క పంకా ఎవరికీ తొందర లేనట్టు తిరుగుతోంది. తెర అంచు గాలికి లేచి, నేలను తాకి, మళ్లీ లేస్తోంది. అంచు కుట్టు ఎంత సన్నగా ఉందో అంత దూరం నుంచే పసిగట్టారాయన.

పక్కన భార్య నిద్రపోతోంది. రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని, మోకాళ్లు ముడుచుకుని, నోరు కాస్త తెరిచి, ఒళ్లు తెలియని నిద్ర.

"ఏమోయ్, ఇవాళైనా లేస్తావా?" అన్నారు మెల్లగా. ఆవిడ ఉలకలేదు.

ఇది మూడో రోజు. మొదటి రోజు మధ్యాహ్నం పడవ దిగగానే రిసార్టు వాళ్లు చల్లటి తువ్వాళ్లిచ్చి, పూల వాసన వేసే షర్బత్తు ఇచ్చి, ఈ గదికి తీసుకొచ్చారు. చెప్పులు విప్పుకోవడానికని మంచం మీద కూర్చున్న మనిషి అలాగే ఒరిగిపోయింది. రెండో రోజు ఈతకొలను దగ్గరికి తీసుకెళ్తే పొడుగు కుర్చీలో నిద్రపోయింది. ఎండ మళ్లినప్పుడల్లా అక్కడి పనివాళ్లే వచ్చి, చప్పుడు చేయకుండా గొడుగు జరిపి వెళ్లారు. భోజనానికి లేపితే నాలుగు ముద్దలు తిని, "బావుందండీ" అని, మళ్లీ గదికి దారి తీసింది.

ఈ ప్రయాణమంతా వాళ్లమ్మాయి ముచ్చట. పళ్ల డాక్టరు ఆ అమ్మాయి. వీళ్లింటికి పక్క వీధిలోనే ఆమె కాపురం, ఆసుపత్రీ. మాస్టారి తల్లి పోయి ఎనిమిది నెలలైంది. "అమ్మ ఇన్నేళ్లూ గడప దాటలేదు నాన్నా. ఒక్కసారి ఎక్కడికైనా తీసుకెళ్దాం" అని పట్టుబట్టి, సెలవు పెట్టుకుని, ఏ రోజు ఏం చూడాలో కాగితం మీద రాసుకుని మరీ తీసుకొచ్చింది. మొదటి రెండు రోజుల్లో రాసుకున్నవన్నీ కొట్టేయాల్సి వచ్చింది.

తలుపు తోసుకుని అమ్మాయి లోపలికొచ్చింది. నెత్తిన పెద్ద టోపీ, చేతిలో ఇంకోటి.

"అమ్మా, లే లే! అద్దం అడుగున్న పడవ తొమ్మిదింటికి. కింద చేపలు వెళ్తుంటే మనం పైనుంచి చూడొచ్చు. ఈ టోపీ నీకే."

ఆవిడ గబుక్కున లేచి కూర్చుంది. "పద తల్లీ, పద. రెండు నిమిషాలు" అంటూ మొహం కడుక్కుంది, జుట్టు దువ్వుకుంది. మంచం అంచున కూర్చుని ఒక చెప్పు వేసుకుంది. రెండో చెప్పు చేతిలో పట్టుకుంది. అంతే, తల మెల్లగా ముందుకు వాలిపోయింది.

అమ్మాయి చేతిలోని టోపీని బల్ల మీదికి విసిరింది.

"నీకు రావడం ఇష్టం లేకపోతే ముందే చెప్పాల్సిందమ్మా!"

ఆవిడ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. "అయ్యో, ఇష్టం లేకేం? నిద్రొస్తోందే, ఆపుకోలేకపోతున్నా."

"మూడు రోజులా? ఒంట్లో బాగోలేదా అంటే బాగుందంటావ్. సముద్రంలో కాలైనా పెట్టలేదు నువ్వు! నీ మొహంలో సంతోషం చూడాలని ఎంత ఎదురుచూశానో నీకేం తెలుసు?" అమ్మాయి మోచేత్తో కళ్లు తుడుచుకుంది. వరండాలోకి వెళ్లి అటు తిరిగి నిలబడింది.

కూతురి కంట తడి చూస్తే మాస్టారికి ఎప్పుడూ ఒళ్లు తెలియదు. "పిల్ల అంత ఆశపడి తీసుకొస్తే ఇదేం పద్ధతి? పడుకోవడానికి ఇంత దూరం రావాలా? ఇంట్లో మంచం లేదా?" అని కసిరారు.

"లేదు" అంది ఆవిడ.

గొంతు పెంచలేదు. చేతిలోని చెప్పు కింద పెట్టింది.

"లేకపోవడమేంటి? మేడ మీద అంత పెద్ద మంచం..."

"అది మీ మంచమండీ. నేను దాని మీద పడుకుని పదకొండేళ్లయింది."

మాస్టారి తల్లికి మతిమరుపు ముదిరాక కింద వంటింటి పక్క గదిలోకి మార్చారు. తోడుగా భార్య ఆ గదిలోనే చాప వేసుకుంది. పొద్దున్నే కుట్టుపని, కళ్లకి విశ్రాంతి కావాలని ఆయన మేడ మీదే ఉండిపోయారు. కొన్నాళ్లే కదా అనుకున్నారు. ఆ కొన్నాళ్లు ఎన్నేళ్లయ్యాయో ఎప్పుడూ లెక్క పెట్టలేదు.

"మీకు గుర్తుందా, ఒకసారి మెత్తటి గుడ్డతో పొడుగు పట్టీ కుట్టివ్వమన్నాను" అంది ఆవిడ.

గుర్తుంది. తెల్లటి మల్లుగుడ్డ, మూడు వేళ్ల వెడల్పు. ఒరుసుకోకుండా అంచులు లోపలికి మడిచి కుట్టమంది. కుట్టిచ్చారు. చిరిగినప్పుడల్లా ఇంకోటి కుట్టిచ్చారు. తెరలు కట్టుకోవడానికేమో అనుకున్నారు.

"అత్తయ్య ఉన్నట్టుండి లేచి బయటికి నడిచేసేది. ఒకసారి వీధి మలుపు దాకా వెళ్లిపోయింది పాపం, చెప్పులు కూడా లేకుండా. అప్పటి నుంచి పట్టీ ఒక కొస ఆవిడ మణికట్టుకి, రెండో కొస నా మణికట్టుకి కట్టుకుని పడుకునేదాన్ని. ఆవిడ కదిలితే నాకు మెలకువొచ్చేది. రాత్రికి ఐదుసార్లు, ఆరుసార్లు, ఒక్కోసారి తెల్లారేదాకా."

వరండాలో అమ్మాయి ఇటు తిరిగింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నారు మాస్టారు.

"పట్టీ ఎందుకని మీరూ అడగలేదు."

బయట అల ఒకటి వచ్చి ఇసుక మీద పరుచుకుని వెనక్కి వెళ్లింది.

"అత్తయ్య మీద నాకు కోపమేం లేదండీ. చివర్లో నన్నే అమ్మా అని పిలిచేది. పోయాక కూడా ఆ గదిలోంచి బయటికి రాలేకపోయా. కళ్లు మూసుకుంటే చాలు, అమ్మా అని పిలిచినట్టుంటుంది. లేచి కూర్చుంటాను. మంచం ఖాళీగా ఉంటుంది." ఆవిడ అద్దం అవతలికి చూసింది. "ఇక్కడ ఈ సముద్రం హోరులో ఏ పిలుపూ వినిపించడం లేదు. అలలు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. నేను లేవకపోయినా వాటికేం కాదు. అందుకే కాబోలు, ఇంత నిద్ర."

అమ్మాయి పరుగున వచ్చి తల్లి పాదాల దగ్గర కూలబడింది. "ఆదివారం వచ్చి, నాయనమ్మ తల దువ్వించుకుని శుభ్రంగా ఉంటే, అమ్మ ఎంత బాగా చూసుకుంటోందో అనుకుని వెళ్లిపోయేదాన్ని. నిన్నెవరు చూస్తున్నారని ఒక్కసారి కూడా తోచలేదమ్మా." ఒళ్లో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఊరుకో, పిచ్చితల్లీ. పడవకి టైమవుతోంది."

"పడవ లేదు, గిడవ లేదు. పడుకో నువ్వు. నేనూ నీ పక్కన పడుకుంటా."

మాస్టారు లేచి, 'లోపల విశ్రాంతి తీసుకుంటున్నారు' అని రాసున్న అట్ట తలుపు బయట తగిలించారు. ఎండ పడకుండా తెర లాగారు. తల్లీ కూతుళ్ల మీద దుప్పటి కప్పి, కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు. భార్య మణికట్టు దుప్పటి బయట ఉంది. అక్కడ చర్మం చుట్టూతా కాస్త నునుపుగా, తెల్లగా మెరుస్తోంది. బట్టలు కుట్టించుకోడానికొచ్చిన వాళ్ల భుజాలు ఎంత వంపు ఉన్నాయో చూపుతోనే కొలిచే మనిషి, ఇన్నేళ్లలో ఈ మచ్చ చూడలేదు. దాని మీద వేలు ఆనించి, కళ్లు తుడుచుకోకుండా అలాగే కూర్చున్నారు.

"ఇంటికెళ్లగానే ఆ చాప తీసేద్దాం" అన్నారు. "మేడ మీదికి వచ్చెయ్. ఏదైనా పిలుపు వినిపిస్తే నన్ను లేపు. నేను దిగి చూసొస్తాను."

ఆవిడ కళ్లు మూసుకునే నవ్వింది. "ఎవరూ ఉండరు కదండీ అక్కడ."

"లేరని నేనొచ్చి చెప్తాను. నువ్వు మళ్లీ పడుకుందువుగాని."

ఆవిడ ఆయన వేలిని గుప్పిట్లో పట్టుకుంది. కాసేపటికి ఆ పట్టు వదులైంది. గదిలో పంకా, బయట సముద్రం, రెండు ఊపిర్లు. మాస్టారు ఎక్కడికీ వెళ్లలేదు.

సాయంత్రం నీళ్లు బంగారు రంగుకి తిరిగే వేళకి ఆవిడ తనంతట తానే లేచి కూర్చుంది. జుట్టు చెదిరిపోయి, చెంప మీద దిండు మడతలు పడి, కొత్తగా ఊరొచ్చిన మనిషిలా చుట్టూ చూసింది.

"ఏమండీ, ఆకలేస్తోంది."

మాస్టారు కుర్చీలోంచి ఎగిరి లేచారు. నలభై ఏళ్లలో ఈ మాట ఆవిడ నోట వినడం ఇదే మొదటిసారి. ఎప్పుడూ 'మీరు తిన్నారా' అనే. తలుపు దాకా పరుగులాంటి నడక నడిచి, అక్కడ టక్కున ఆగిపోయారు. వెనక్కి తిరిగి, చెవి వెనక గోక్కుంటూ అడిగారు.

"అదీ... నీకేం ఇష్టమోయ్?"

ఆవిడ ఆలోచించింది. సముద్రం వైపు చూస్తూ చాలాసేపే ఆలోచించింది.

"ఏమోనండీ, తెలీదు" అంది చివరికి, నవ్వుతూ. "అన్నీ కొంచెం కొంచెం పట్టుకురండి. తిని చెప్తాను."