మళ్ళీ చెప్పండి, వరదరాజులు గారూ

నిండు ఎండాకాలంలో ఎవరైనా స్వెట్టరు వేసుకుంటారా? వరదరాజులు వేసుకున్నాడు. పుంగనూరులో పొద్దున్నే గచ్చు కాలుతుంటే, ఆయన మాత్రం వాకిట్లో అరుగు మీద మెడదాకా స్వెట్టరు, తలకు మంకీ క్యాపు తగిలించుకుని కూర్చున్నాడు. కోడలు సుప్రజ కాఫీ గ్లాసు తెచ్చి ఆయన పక్కన పెట్టింది. చేతికివ్వలేదు. సుప్రజ తల్లి పోయినప్పటి నుంచీ ఆ ఇంట్లో మామకూ కోడలికీ మాటల్లేవు.

"యాల నాయనా స్వెట్టరు?" అని కొడుకు భానుప్రకాశ్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగాడు.

"ఊరికేలేరా. కీమో పెట్టినాక సలి పుడతాండాది."

వంటింటి గడప దగ్గర నిలబడ్డ అత్త విజయమ్మ ఏదో చెప్పబోయింది. మొగుడు అటు చూసేసరికి నోరు మూసుకుంది. సుప్రజ అదంతా చూసింది. చూసి కూడా టిఫిను క్యారియరు సంచిలో పెట్టుకుని, మదనపల్లె బస్సుకు టైమైందని చెప్పులేసుకుంది.

ఒక్క మాట అడిగితే ఆమె సొమ్మేం పోయింది అంటారు మీరు. నిజమే, అందులోనూ ఆమె పని చేసేది మదనపల్లెలో ఒక పెద్దాసుపత్రి క్యాన్సర్ వార్డులో. కీమో పెట్టినవాడికి చలి పుడితే ఏమిటో ఆమెకు తెలియక కాదు. కానీ ముందు ఆమె కడుపులో ఏం మండుతోందో వినండి, తర్వాత మాట్లాడుకుందాం.

సుప్రజది కుప్పం అవతల, రామకుప్పం పక్కన ఒక పల్లె. రాగిచేలో ఏనుగులు పడితే డబ్బాలు మోగించి తోలిన రెడ్డెమ్మ కూతురామె. ఆ తల్లి పట్టుబట్టి కూతురిని ఫార్మసీ చదివించింది. వరదరాజులుకు పుంగనూరు బజారులో మందులంగడి ఉంది. ఫార్మసీ చదివిన కోడలైతే అంగడికి లైసెన్సు చిక్కు ఉండదని వెతికి మరీ చేసుకున్నాడు. సుప్రజ సర్టిఫికెట్టుకు అద్దం కట్టించి అంగడి గోడకు తగిలించారు, సుప్రజను వంటింట్లోకి పంపారు. అంగడి మెట్టెక్కితే, "నువ్వు యాల వచ్చినావమ్మా, గోడ మీద ఉండావు గదా, సాలు" అని నవ్వేవాడు మామ. వచ్చినవాళ్ళూ నవ్వేవారు.

అదీ ఓర్చుకుంది. ఆ తర్వాత రెడ్డెమ్మకు రొమ్ము క్యాన్సరొచ్చింది. కీమో పెట్టించుకుని కూతురింట్లో పడుకున్నప్పుడు ఆమెకు జ్వరం తగిలింది. ఆసుపత్రికి పోదామని సుప్రజ లేచింది. వరదరాజులు అడ్డం పడ్డాడు.

"జ్వరానికి ఆస్పత్రి యాల? కీమో పెడితే ఒళ్ళు కాలదా? మన అంగట్లో మాత్ర ల్యాదా?"

మాత్ర వేశాడు. జ్వరం దిగింది. "సూడు, ఎట్ల దిగిందో" అని అందరి ముందూ మీసం దువ్వాడు. మళ్ళీ జ్వరం, మళ్ళీ మాత్ర. చివరికి ఆసుపత్రికి మోసుకుపోయేసరికి రక్తంలో తెల్లకణాలు లేవు, ఒళ్ళంతా విషం పాకింది. "ముందే యాల తీసుకురాలేదమ్మా? మాత్ర జ్వరాన్ని దాచిపెట్టింది, అంతే" అంది అక్కడి ఫార్మసిస్టు. ఆ సాయంత్రమే రెడ్డెమ్మ పోయింది.

కర్మలు కాగానే సుప్రజ అంగడికి పోయి గోడ మీది సర్టిఫికెట్టు దించుకుంది. మామ వద్దంటున్నా వినలేదు. అంగడి మూతపడి, ఇంకొకరి సర్టిఫికెట్టు దొరికేదాకా ఆయన నానా తిప్పలూ పడ్డాడు. ఆమె బెంగుళూరుకు పోయి క్యాన్సర్ మందుల శిక్షణ తీసుకుని మదనపల్లెలో ఉద్యోగంలో చేరింది. గాజుపెట్టె వెనక కీమో కలిపేది ఆమే. రక్తపరీక్ష చూసి, ఈ మందు ఇప్పుడీ మనిషి తట్టుకోలేడని డాక్టరుకు చెప్పేదీ ఆమే. రోగి ఇంటికి పోయేముందు ఎదురుగా కూర్చుని, ఇంట్లో ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెప్పేదీ ఆమే. ఆ వార్డులో ఒక పద్ధతుంది. చెప్పిందంతా రోగి తన నోటితో తిరిగి చెప్పాలి. అప్పుడుగానీ పంపరు.

చేసుకున్నవాడికి చేసుకున్నంత అన్నారు గదా. వరదరాజులుకు పెద్దపేగు క్యాన్సరొచ్చింది. కొడుకు తెచ్చి ఆ వార్డులోనే చేర్చాడు. మొదటి కీమో ముగిసి ఇంటికి పోయేరోజు, ఆయన కోడలి ఎదురుగా కుర్చీలో కూర్చోవాల్సి వచ్చింది. ఒక పక్క పెళ్ళాం, ఒక పక్క కొడుకు, వెనక వరసలో రోగుల తాలూకువాళ్ళు.

"వరదరాజులు గారూ, జ్వరమొస్తే ఏం చెయ్యాలి?" అంది సుప్రజ. మామా అని పిలవలేదు, ఫైలు మీద ఉన్న పేరు పెట్టి పిలిచింది.

ఆయన తల వంచుకున్నాడు. "ఆస్పత్రికి... రావాల."

"వినపడలేదు. మళ్ళీ చెప్పండి."

"ఆస్పత్రికి రావాల."

"ఇంట్లో మాత్ర మింగొచ్చా? మందులంగడి ఓనరు గదా, మీకు తెలిసే ఉంటుంది."

"మింగకూడదు."

"ఎందుకు?"

ఆయన కుర్చీలోంచి లేవబోయాడు. సుప్రజ వదల్లేదు. మామూలు రోగి ఒకసారి చెబితే చాలు, ఈయన చేత మూడుసార్లు చెప్పించింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు సుప్రజకు అమృతంలా తగిలింది. పగ తీరడం ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ప్రతి కీమోకూ అదే కుర్చీ, అదే ప్రశ్న, అదే మూడుసార్లు.

"నువ్వు జాగ్రత్త సెప్తాండావా, కొరడాతో కొడతాండావా?" అన్నాడు భానుప్రకాశ్ ఒకరోజు, బండి మీద ఇంటికి వస్తూ.

"మా అమ్మకు మాత్ర ఏసిన రోజు నీ నోరు యాడికి పోయింది?" అంది సుప్రజ. అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇదీ సంగతి. ఆరోజు స్వెట్టరు చూసి కూడా ఆమె బస్సెక్కింది. చెప్పాల్సింది చెప్పాను, తిరిగి చెప్పించుకున్నాను, ఇంక ఆయన ఇష్టం అనుకుంది.

వార్డుకు చేరుకుని ఇంకా పని మొదలుపెట్టకముందే ఫోను మోగింది. విజయమ్మ.

"అమ్మా, మీ మామ స్నానాల గదిలో పడిపోయినాడు. ఒళ్ళు పొయ్యి మాదిరి ఉండాది."

"జ్వరం ఎప్పటి నుంచి?"

"మొన్నటి నుంచి. అంగట్లో మాత్రలు తెచ్చుకొని మింగతాండాడు. నీకు సెప్తే నా మీద ఒట్టేనన్నాడు."

సుప్రజ గోడకు ఆనుకుంది. ఇన్నేళ్ళుగా పళ్ళ మధ్య నలుగుతున్న మాట అప్పుడు బయటికొచ్చింది. ఆపుకోవాలనిపించలేదు కూడా.

"జ్వరానికి ఆస్పత్రి యాల అత్తా? అంగట్లో మాత్ర ల్యాదా?"

అవతల విజయమ్మ ఏడుస్తూనే మెల్లగా అంది.

"అను తల్లీ. అనాల్సిందే. నేనూ ఆ పొద్దు పక్కనే ఉండాను గదా, నన్నూ అను. అని, ఇప్పుడేం జేయాల్నో సెప్పు."

సుప్రజ ఆ మాట అనేసింది, కానీ అనుకున్న హాయి మాత్రం రాలేదు. ఆనాడు తన తల్లి మంచం పక్కన తాను ఎట్లా ఏడ్చిందో, ఈమె అట్లాగే ఏడుస్తోంది.

"ఇంక ఏ మాత్రా వేయొద్దత్తా. మీ అబ్బాయికి ఫోన్ చేస్తాను, కారు తెస్తాడు. నేరుగా ఎమర్జెన్సీకి రండి. నేను వాకిట్లోనే ఉంటాను."

భర్తకు చెప్పింది. డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. కీమో పెట్టిన తేదీ, మందు, కిడ్నీ రిపోర్టు అన్నీ చెప్పి, ఏ యాంటీబయాటిక్ ఎంత మోతాదో తేల్చుకుని సూదిమందు కలిపి సిద్ధం చేసింది. కారు ఆగేసరికి నిజంగానే వాకిట్లో ఉంది. స్ట్రెచరు మీద వరదరాజులు కళ్ళు తెరిచి ఆమెను చూసి, మొహం అటు తిప్పుకున్నాడు.

బతికాడు. ఐసీయూలో గండం గడిచి వార్డులోకి వచ్చాక సుప్రజ ఆయన మంచం దగ్గర నిలబడింది. ఇప్పుడు ఆమెకు నిజమైన కోపం వచ్చింది.

"ఎన్నిసార్లు చెప్పించాను? మీ నోటితోనే చెప్పారు గదా. మరి ఎందుకు దాచారు?"

విజయమ్మ లేచి బయటికి పోబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"జ్వరమని సెప్తే మళ్ళీ ఆ కుర్చీలో కూర్సోబెడతావు గదమ్మా" అన్నాడు. "అందరి ముందూ మళ్ళీ సెప్పమంటావు. ఎందుకు మింగకూడదని అడగతావు. ఎందుకో నాకు తెల్దా? ఆ మాట నోట్లోకి వస్తే మీ అమ్మ మొకం కనపడతాది. 'సూడు వదినమ్మా, ఎట్ల దిగిందో' అని నేనంటే, పాపం ఆమె నా వైపు సూసి నవ్వింది. ఆ మాట మళ్ళీ సెప్పేదాని కంటే పోతేనే మేలనిపించింది."

సుప్రజ కుర్చీలో కూలబడింది. తన ఉద్యోగంలో మొదటి పాఠం ఒకటే. రోగి భయపడకుండా ఫోన్ చెయ్యాలి. సిగ్గుతోనో భయంతోనో దాచుకునేలా చేస్తే, ఎంత గొప్ప మందు కలిపినా దండగ. అమ్మను చంపిన అజ్ఞానాన్ని తిడుతూ, తాను అన్నీ తెలిసి అదే పని చేసింది. ప్రాణం కాపాడే మాటనే ఈ మనిషి నోట విషం చేసింది. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వార్డంతా చూస్తుండగానే ఏడ్చింది.

"మిమ్మల్ని క్షమించానని చెప్పను" అంది చివరికి. "అబద్ధం చెప్పలేను. కానీ ఇంకెప్పుడూ ఆ కుర్చీలో కూర్చోబెట్టి అడగను. ఒళ్ళు వెచ్చబడితే మాత్రం ముందు నాకు చెప్పండి."

ఆయన తలాడించాడు. విజయమ్మ కోడలి తల నిమిరింది.

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం సుప్రజ పుంగనూరు బస్టాండులో దిగి బజారు మీదుగా ఇంటికి నడుస్తోంది. మామ అంగడి ముందు ఎవరో మనిషి, చేతిలో ఆసుపత్రి ఫైలు. ఆమె పక్కింటి పంచ కింద ఆగింది.

"బైరెడ్డిపల్లె నుంచి వస్తాండానన్నా. మా ఆడామెకు కీమో పెట్టినారు. ఒళ్ళు కాలతాండాది, ఒక జ్వరం మాత్ర ఇయ్యి."

"ఇయ్యనప్పా" అన్నాడు వరదరాజులు.

"యాల? ల్యావా?"

"డబ్బా నిండా ఉండాయి. నీకు ఇయ్యను. కీమో పెట్టినోళ్ళకు జ్వరమొస్తే మాత్ర మింగి ఇంట్లో పండుకోకూడదు. మాత్రకు జ్వరం దాక్కుంటాది, మనిషి పోతాడు. ఉన్నఫలాన ఆస్పత్రికి పోవాల."

"ఒక్క మాత్రకు ఏమైతాదన్నా."

వరదరాజులు బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు. జుట్టు ఊడిన తల, వేలాడే చొక్కా. అంగట్లో ఇంకో ఇద్దరు నిలబడి వింటున్నారు.

"మా ఇంట్లో పోయింది. మా కోడలి తల్లి. మాత్ర ఇచ్చినోన్ని నేనే" అన్నాడు అందరికీ వినపడేలా. "కోడలు ఆస్పత్రికి పోదామనె. నేనే అడ్డం పడితి. ఇప్పుడు ఆయమ్మే మదనపల్లెలో క్యాన్సర్ మందులు సూస్తాది. నువ్వు కారు పిలిపించు. నేను సెప్పింది అర్థమైందా? ఏదీ, మళ్ళీ సెప్పు."

ఆ మనిషి తడబడుతూ చెప్పాడు. వరదరాజులు ఒక్కసారికే సరేనన్నాడు.

సుప్రజకు కళ్ళు కనిపించలేదు. తుడుచుకుంది. సర్టిఫికెట్టు దించుకున్న రోజు తర్వాత ఎన్నడూ తొక్కని ఆ మెట్టు ఎక్కి లోపలికి వచ్చింది.

"ఆస్పత్రి ఎమర్జెన్సీ నంబరు రాసిస్తానుండన్నా" అంది ఆ మనిషితో. తర్వాత బల్ల వైపు తిరిగింది.

"మామా, పెన్ను యాడుండాది?"